నడక రానివ్వని కాగితం

ఉడత లేచి నిలబడింది. ఉడతంటే ఆ ఇంటి పసిపిల్ల, ముద్దుపేరది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు, గోడా పట్టుకోలేదు. నేల మీదున్న పౌడరు డబ్బా కోసం వంగితే అది కాస్తా దొర్లిపోయింది. దాంతో కోపమొచ్చి, ఆ కోపంలో రెండు కాళ్ళ మీదా నిటారుగా లేచిపోయింది. తను చేసిన పనికి తనే ఆశ్చర్యపోయినట్టు నోరు తెరిచి చూసింది. ఆ నోట్లో కింది చిగుళ్ళకి రెండు పళ్ళు, బియ్యపు గింజల్లాగా.

ఇంకో ఇంట్లో అయితే తల్లి కేకేసి ఇరుగుపొరుగుని పోగుచేసేది. ఈ తల్లి మాత్రం పిండుతున్న బట్టని బకెట్లో పడేసి ఒక్క అంగలో వచ్చింది. పిల్ల భుజాల మీద తడి చేతులేసి మెల్లగా కిందకి కూర్చోబెట్టేసింది. ఎవరైనా చూశారా అని వాకిలి వైపు తిరిగింది.

అత్త చూసింది. గుమ్మంలో చొక్కాల కుప్ప ముందేసుకుని గుండీలు కుడుతున్నదల్లా సూది గాల్లోనే ఆపేసింది.

"అదేంటే! దానంతట అది నిలబడితే అణిచేస్తావేంటి?"

"పడిపోతుందని, అత్తా."

"పడకుండా నడిచినోళ్ళెవరే? నీ మొగుడు పడని మెట్టుందా? తల చూడు, ఇప్పటికీ ఓ పక్క సొట్టే."

ఇంకొకప్పుడైతే కోడలు పక్కున నవ్వేది. ఇప్పుడు నవ్వు రాలేదు. పిల్లని చంకనేసుకుని లోపలి గదిలోకి వెళ్ళి, తలుపు వారగా వేసి, బట్టల పెట్టె అడుగున దాచిన కాగితాన్ని మళ్ళీ ఓసారి తడిమి చూసుకుంది. అది ఉందో లేదో అని కాదు. అందులో రాసింది మారిపోయిందేమో అన్న పిచ్చి ఆశ.

సీరియల్ వాళ్ళు రాయించుకున్న కాగితం అది. పాపకిచ్చే డబ్బు నాలుగు విడతలు. సంతకం పెట్టిన రోజున ఒకటి. అది వచ్చింది, పాత అద్దెలో కలిసిపోయింది. పాప మొదటిసారి కెమెరా ముందుకొచ్చిన రోజున రెండోది. అదీ వచ్చింది, ఉడత దగ్గు మందుల సీసాల్లో కరిగిపోయింది. ఐదు రోజుల పని పూర్తయితే మూడోది. కథలో పాప భాగం మొత్తం అయిపోయాక నాలుగోది. ఆ కింద చీమల బారులాంటి అక్షరాల్లో ఇంకో మాట ఉంది. ఇదివరకు తీసిన దానితో పొసగనంతగా పాప మారిపోతే, సంస్థ వేరే పాపని పెట్టుకుంటుంది. మిగతా విడతలు ఇక ఉండవు.

కథలో ఆ పాప గుమ్మంలో దొరికిన ఏడు నెలల పిల్ల. హీరోయిన్ కాలు బెణికి ఒకసారి, వానొచ్చి ఒకసారి, ఛానల్ వాళ్ళకి మలుపు నచ్చక ఒకసారి షూటింగు వెనక్కి పోయింది. వాళ్ళ కథ ఆగింది గానీ ఉడత ఆగలేదు. ఇప్పుడు దానికి పది నెలలు దాటాయి.

మూడో విడత ఎందుకో ఆమెకి బాగా తెలుసు. పక్క వీధిలో మేడ మీద ఓ గది ఖాళీగా ఉంది. రెండు వైపులా కిటికీలు. ఇక్కడ గోడ అడుగు నుంచి మోకాలెత్తు దాకా చెమ్మే, చెయ్యి పెడితే సున్నం ఊడొస్తుంది. "ఈ గదిలో ఉన్నన్నాళ్ళూ నేను మందు రాస్తూనే ఉంటాను, మీరు పోస్తూనే ఉంటారు" అన్నాడు డాక్టరు. మేడ గది ఆవిడ నెలాఖరు దాకా ఆగుతానంది. అడ్వాన్సు సరిగ్గా ఆ విడతంతే.

ఫోను మోగింది. అవతల గలగలమని తాళాల చప్పుడు వినపడగానే, సీరియల్ మేనేజరని చెప్పకుండానే తెలిసిపోయింది.

"రేపు ఏడింటికల్లా ఉండాలమ్మా. పాప బాగుందా? ఎలా ఉందో అలాగే ఉందా?"

"అలాగే ఉందన్నా" అంది ఆమె. చంకలోంచి జారి కాళ్ళు కింద పెట్టాలని ఉడత గింజుకుంటోంది.

* * *

షూటింగు జరిగేది ఓ పెద్ద గోదాములో. అందులో చెక్కతో కట్టిన ఇల్లు. ముందు నుంచి చూస్తే మూడు గదుల లోగిలి, వెనక్కెళ్తే మేకులూ అట్టలూ. నేలంతా నల్లటి వైర్లు, పాముల పుట్ట తవ్వినట్టు. ఆమె పిల్లనెత్తుకుని ఒక్కో వైరూ దాటుకుంటూ వెళ్ళి, తనకి అలవాటైన మేకప్ పెట్టె పక్కన కూర్చుంది. అప్పటికి ఏడుకి ఐదు తక్కువ.

మేనేజరు తొమ్మిదింటికి వచ్చాడు. నడుముకి తాళాల గుత్తి, చేతిలో రెండు ఫోన్లు. సెట్లో అందరికీ ఆయన తాళాలాయనే. వస్తూనే ఉడత గడ్డం పట్టుకుని నోరు తెరిపించాడు, సంతలో దూడకి చూసినట్టు.

"ఇవెప్పుడొచ్చాయి?"

దొంగసొత్తు దొరికినట్టున్న ఆ గొంతుకి ఆమె తలొంచుకుంది. "వారమైందన్నా."

"చెప్పొద్దూ?"

'అవి నాకు మాత్రం చెప్పొచ్చాయా' అన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. మింగేసింది. పక్కనున్న రాతమ్మే అందుకుంది. ఏ షాట్లో ఎవరి చెయ్యి ఎక్కడుందో, ఏ గ్లాసులో నీళ్ళెంతున్నాయో పుస్తకంలో రాసుకోవడం రాతమ్మ ఉద్యోగం. నడివయసు మనిషి, కళ్ళజోడు తాడు మెడలో వేలాడుతుంటుంది.

"నవ్వించకుండా తీస్తే కనపడవులెండి" అంది తలెత్తకుండానే.

"విన్నావా తల్లీ? పాపని నవ్వించకు."

ఎండెక్కింది. రేకుల కప్పు కింద గాలాడటం లేదు. ఉడతకి తెల్ల గౌను తొడిగారు, జుట్టు దువ్వారు, మళ్ళీ తీసి అటు పాపిడి ఇటు మార్చారు. పదకొండు, పన్నెండు. ఎవరో పెద్దింటి గొడవ సీను తీస్తున్నారు. ఒకావిడ అదే మాట అదే చోట ఏడుస్తూ తొమ్మిదిసార్లు అంది. ఉడత చిరాకు పడి రాగం మొదలెట్టింది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. తల్లికి ఒళ్ళంతా చెమట పట్టింది. ఓ మూలకెళ్ళి పాలిచ్చి, భుజాన వేసుకుని, వీపు మీద జోకొడుతూ అటూ ఇటూ నడిచింది. ఆ జోకొట్టడంలో ఆమెకో ఒడుపుంది. మూడు మెల్లగా, ఒకటి గట్టిగా. ఎంత మొండికేసిన పిల్లయినా వంద లోపు పడుకోవాల్సిందే.

నాలుగింటికి పాప షాటు అన్నారు. హీరోయిన్ వచ్చి మంచం మీద కూర్చుంది. డైరెక్టరు తొంగిచూసి, గొంతు తగ్గించాడు.

"నిద్రపోతోందా? లేపకండి పాపం, ఏడుస్తుంది. బొమ్మ తెండి."

గుడ్డలో చుట్టిన ప్లాస్టిక్ బొమ్మ వచ్చింది. హీరోయిన్ దాన్ని గుండెకి హత్తుకుని, కళ్ళ నిండా నీళ్ళు తెచ్చుకుని, "నిన్నెవరికీ ఇవ్వను" అంది. ఒక్క టేకులో అయిపోయింది. వెళ్తూ వెళ్తూ హీరోయిన్ ఉడత బుగ్గని వేలితో తాకి, "ఎంత బుద్ధిమంతురాలండీ మీ అమ్మాయి! అసలు ఉన్నట్టే తెలీదు" అంది. తల్లి మొహం విప్పారింది.

సాయంత్రం ఆరు దాటాక రాతమ్మ పాప హాజరు రాసే రోజువారీ కాగితం తెచ్చింది. ఎప్పట్లాగే కింద గీత మీద సంతకం పెట్టేసి, గొంతు సవరించుకుని, తల్లి తాళాలాయన దగ్గరికెళ్ళింది. పొద్దుట్నుంచీ ఆ మాటే మనసులో వల్లె వేస్తోంది.

"అన్నా, ఐదు రోజులు దాటిపోయాయి కదా. మూడో విడత..."

తాళాల చప్పుడు ఆగింది. "ఐదా? రాతమ్మా, పాప ఎన్ని రోజులమ్మా?"

రాతమ్మ పుస్తకం తిప్పింది. తిప్పడానికి కాస్త ఎక్కువసేపే తీసుకుంది. "ముఖం పడినవి రెండండీ."

"ఎనిమిదిసార్లొచ్చాం అన్నా! కేలెండర్లో గుర్తు పెట్టుకున్నా."

"వచ్చావు తల్లీ, కాదన్నానా? రోజూ బస్టాండు దాకా వెళ్ళొస్తే ఊరెళ్ళొచ్చినట్టా?" ఆయన తన మాటకి తనే నవ్వుకున్నాడు. "ముఖం కెమెరాలో పడితేనే పని. మిగతా రోజులు నీ కూతురు హాయిగా నిద్రపోయింది. పని చేసింది బొమ్మ. మరి విడత దానికిద్దామా?"

ఆమె లెక్కేసుకుంది. ఆరు రోజులు. ఆరు రోజులూ ఏడిస్తే వాళ్ళకి కోపమొస్తుందని, పనికి అడ్డమని, తన చేత్తో తనే జోకొట్టి నిద్రపుచ్చింది.

"నాకు ముందే చెప్తే లేపేదాన్ని కదన్నా."

"సరేలే, మూడు రోజుల పనేగా మిగిలింది. వచ్చే శుక్రవారం పాకే సీను. పాప పాక్కుంటూ హీరోయిన్ దగ్గరికి రావాలి. చాలా ముఖ్యం." ఫోను చెవిన పెట్టుకోబోతూ ఆగాడు. "ఇంకా పాకుతోంది కదా?"

"పాకుతోందన్నా."

"అదీ. ఈ లోపు నడక రానివ్వకు."

"అది నా చేతుల్లో ఉందా అన్నా?"

"తల్లి చేతుల్లో కాకపోతే మేనేజరు చేతుల్లో ఉంటుందా?" అని తాళాలు గలగలలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

* * *

ఆదివారం పొద్దున పాత బట్టల మూట విప్పితే అందులో ఓ జత మేజోళ్ళు దొరికాయి. మూడేళ్ళ పిల్లలవి, ఎవరో ఇచ్చినవి. ఆమె వాటిని చేతుల్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఉడతని ఒళ్ళో కూర్చోబెట్టుకుని రెండు కాళ్ళకీ తొడిగింది. వేళ్ళ దగ్గర బెత్తెడు గుడ్డ మిగిలి వేలాడింది. 'చలికి' అనుకుంది మనసులో. చలి లేదు.

నున్నటి గచ్చు మీద ఆ మేజోళ్ళు బాగానే పనిచేశాయి. ఉడత లేవబోయేది, కాలు సర్రున జారేది, చతికిలబడేది. మళ్ళీ లేవబోయేది. మొదట్లో నవ్వింది, ఆటనుకుంది. మధ్యాహ్నానికి నవ్వడం మానేసింది. కాళ్ళ వంక అనుమానంగా చూసుకుని మేజోడు కొస పట్టుకు లాగింది. తల్లి వచ్చి పైకి ఎగదోసింది.

అత్త రెండుసార్లు విప్పి పారేసింది. కోడలు రెండుసార్లూ తొడిగింది.

"దగ్గు కదత్తా. కాళ్ళు వెచ్చగా ఉండాలన్నాడు డాక్టరు."

"ఏ డాక్టరు? పిల్ల కాళ్ళకి గుర్రాల బూట్లు వేయమన్నోడు ఎవడు, నాకూ చూపించు."

కోడలు మేజోడు కొస సర్దింది. అత్త గుండీ మీద దారం కొరికి తెంపి, ఇంకేం అనలేదు. అత్త తిడితే భరించొచ్చు. ఊరుకుంటేనే భయం.

సోమవారం, మంగళవారం అలాగే గడిచాయి. నీళ్ళ క్యాన్ల బండి నడిపే భర్త పొద్దున్నే పోయి పొద్దుగుంకాక వచ్చేవాడు. వస్తూనే పిల్ల కోసం చేతులు చాచి, "ఏదీ, నాన్న దగ్గరికి రా చూద్దాం" అనేవాడు. ఆమె గబుక్కున మధ్యలో దూరి పిల్లనెత్తి అందించేది. "అదే రానీ" అంటే, "మీరు స్నానం చెయ్యండి ముందు" అనేది. ఒక అబద్ధానికి కాపలాగా ఇంకోటి, దానికి కాపలాగా మరోటి. రోజు గడిచేసరికి గొడ్డుచాకిరీ చేసినట్టు అలిసిపోయేది.

బుధవారం మధ్యాహ్నం ఆమె అంట్లు తోముతోంది. వెనక ధబ్బుమని చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దమే ఆమెని లేపింది. ఉడత గడపకి మూతి కొట్టుకుని బోర్లా పడుంది. ఊపిరంతా లోపలికి పీల్చి, పీల్చి, అప్పుడు కెవ్వుమంది. పై పెదవి చిట్లి, రక్తం గడ్డం మీదుగా మెడ దాకా కారింది.

ఎత్తుకుంది. తడి గుడ్డ అదిమిపెట్టింది. గుడ్డ తీసి పెదవిని వెలుతురుకి తిప్పి చూసింది. చూస్తూ అనుకుంది: శుక్రవారానికి మానుతుందా?

ఆ మాట తన లోపల తనకే వినపడింది. ఎవరో పరాయి మనిషి తన ఇంట్లోకొచ్చి అన్నట్టు వినపడింది. అంట్ల మధ్యే కూలబడిపోయింది. పిల్లని అదుముకుని తనూ వెక్కివెక్కి ఏడ్చింది.

సాయంత్రం భర్త, "మూతికేమైంది దీనికి?" అన్నాడు. అత్త చెప్పేస్తుందనుకుంది ఆమె. అత్త సూదిలోకి దారమెక్కిస్తూ ఒక కన్ను మూసి, "పిల్లలన్నాక పడతారు" అంది, అంతే.

అతను వీధిలోకెళ్ళాక అత్త సూది పక్కన పెట్టింది.

"ఆడికి చెప్పలేదు, నువ్వు నా కోడలివి కాబట్టి. కానీ నా మనవరాలి తరఫున అడుగుతున్నా. ఏంటే నీ భయం?"

కట్ట తెగిపోయింది. కోడలు లోపలికెళ్ళి కాగితం తెచ్చి అత్త ముందు పెట్టింది. విడతలు, ఐదు రోజులు, బొమ్మ, మేడ మీద గది, 'నడక రానివ్వకు' అన్నది, అన్నీ కలగాపులగంగా చెప్పేసింది.

అత్తకి చదువు రాదు. "చదివి వినిపించు" అంది. "మొత్తం."

ఆమె తొమ్మిదో తరగతి సగంలో ఆపేసింది. సంతకం పెట్టిన రోజున పెద్దక్షరాలు చూసుకుంది, చిన్నక్షరాల్లో తనకి భయం వేసిన ఒక్క వాక్యం చూసుకుంది. మిగతాది చదవలేదు. ఇప్పుడు వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. కొన్ని మాటలు రెండోసారికి గానీ లొంగలేదు. మూడు పేజీలు అయ్యేసరికి గొంతెండిపోయింది. కానీ అర్థం కానంత గొప్ప సంగతులేమీ లేవు అందులో. అదే ఆమెకి విచిత్రంగా అనిపించింది.

అత్త అంతా విని, మోకాళ్ళ మీద చేతులేసుకుని అంది. "ఆ హీరోయినావిడ కాలు బెణికితే అందరూ ఆగారు. దీని కాలు ఎదిగితే మాత్రం తప్పయిందా?"

"గది పోతుందత్తా."

"పోవచ్చు" అంది అత్త. అలా కాదని ఊరడించలేదు. లేచి, ఉడత కాళ్ళ మేజోళ్ళు విప్పి, దులిపి, కోడలి చేతిలో పెట్టింది. "వేస్తావో మానేస్తావో ఇక నేనడగను."

కోడలు వాటిని మళ్ళీ తొడగలేదు. గురువారం మధ్యాహ్నానికి ఉడత నాలుగడుగులు వేసింది. ఆమె ఆపలేదు. సంతోషించడానికీ చేతకాలేదు. ఒక్కో అడుగూ మనసులో లెక్కపెట్టుకుంది.

* * *

శుక్రవారం ఏడు కొట్టేసరికి గోదాములో ఉన్నారు. పెదవి మీద గాటు సన్నటి గీతగా మిగిలింది. మేకప్ ఆవిడ చిన్న అద్దుతో మాయం చేసేసి, "మా పిల్లాడికి నెత్తి మీద మూడు" అంది.

పాకే సీను మూడింటికి మొదలైంది. చాప పరిచారు. ఆ కొసన హీరోయిన్ మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచింది. ఈ కొసన తల్లి పిల్లని నాలుగు కాళ్ళ మీద నిలిపి, కెమెరాకి అందకుండా వెనక్కి తప్పుకుంది. ఇవాళ జోకొట్టలేదు. ఉడత కళ్ళు రెండు దీపాల్లా ఉన్నాయి.

"యాక్షన్!"

ఉడత రెండడుగులు పాకింది. ఆగింది. చేతులు చాప మీద ఆనించి, నడుమెత్తి, లేచి నిలబడింది.

"కట్!"

రెండోసారి పాకకుండానే లేచింది. మూడోసారి లేచి, ఒకడుగు వేసి, చప్పట్లు కొట్టుకుంది, రెండు పళ్ళూ బయటపెట్టి. ఎవరో కిసుక్కున నవ్వారు. డైరెక్టరు నవ్వలేదు. టోపీ తీసి నుదురు తుడుచుకుని, మేనేజరు వైపు చూశాడు.

తాళాలు గలగలలాడాయి. తాళాలాయన ఆమె పక్కకొచ్చి ఒంగి, గుప్పిట్లోంచి ఓ రిబ్బను తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఎర్రటి మెత్తటి రిబ్బను. "గౌను పొడుగ్గానే ఉంది. లోపల రెండు కాళ్ళూ కలిపి కట్టు. గట్టిగా కాదు తల్లీ, వదులుగానే. పది నిమిషాలు. పాకుతుంది, అయిపోతుంది. ఇవాళ ఒకటి, ఇంకో రెండు. మూడో విడత నీ ఇంటికొస్తుంది."

లైట్ల వేడికి చెంపలు కాలుతున్నాయి. ముప్పై మంది ఆమె చేతుల వంకే చూస్తున్నారు. రెండు వైపులా కిటికీలున్న గది కళ్ళ ముందుకొచ్చింది, గాలికి రెపరెపలాడే తెరతో సహా. ఆ గదిలో దగ్గు లేకుండా పడుకున్న ఉడత కూడా కనపడింది. రిబ్బను వేళ్ళకి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

"కట్టనన్నా" అంది. గొంతు పీలగా వచ్చింది. వినపడలేదేమోనని మళ్ళీ అంది. "నేను కట్టను."

డైరెక్టరు టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత, "వదిలేయండి. వేరే సీను పెట్టండి" అని అటు తిరిగిపోయాడు. ఎవరూ ఆమెని తిట్టలేదు. ఆమె రిబ్బను మడిచి మేకప్ పెట్టె మీద పెట్టి, పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. వెళ్ళిపోవచ్చని ఎవరూ చెప్పలేదు. ఉండమని కూడా చెప్పలేదు.

ఆరింటికి తాళాలాయన వచ్చాడు. వెనకే రాతమ్మ, రోజువారీ కాగితంతో.

"చూడు తల్లీ, నీ మీద నాకేం కోపం లేదు. కానీ ఈ పాప ఇక పొసగదు. కాగితంలో ముందే రాసుకున్నాం కదా. వేరే పాపని చూసుకుంటాం. ఇక్కడ ఓ సంతకం పెట్టి బయల్దేరు, బస్సు దొరకదు మళ్ళీ."

అయిపోయింది. మూడోదీ నాలుగోదీ రెండూ. ఇంటికెళ్ళి ఏ మొహంతో చెప్పాలో ఆమెకి తోచలేదు. పెన్ను అందుకుంది. సంతకం పెట్టేస్తే ఇక లేచి బయల్దేరాలి. ఆ నిమిషాన్ని వెనక్కి నెట్టడానికి కాగితం మోకాలి మీద పెట్టుకుని, మొన్న అత్తకి చదివినట్టే వేలు పెట్టి మొదట్నుంచీ చదవడం మొదలెట్టింది.

"అందులో చదవడానికేముందమ్మా?"

"చదవనివ్వండి" అంది రాతమ్మ. "నాకు తొందరేం లేదు."

పాప పేరు. తల్లి పేరు. సీను నంబరు. వచ్చిన సమయం. ఆమె వేలు అక్కడ ఆగింది.

"అన్నా, ఇక్కడ పదకొండని ఉందేంటి? మేం ఏడింటికే వచ్చాం కదా. వెళ్ళింది రెండింటికి అని ఉంది. ఇప్పుడు ఆరు."

"అదంతా మామూలే తల్లీ. రోజూ అలాగే రాస్తాం."

"రోజూనా?" నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఎనిమిది రోజులూ?"

ఆయన తాళాల గుత్తిని అరచేత్తో అదిమి పట్టుకున్నాడు, చప్పుడు రాకుండా.

"ఏడని దిద్దండన్నా. పెట్టేస్తాను."

"దిద్దడం కుదరదమ్మా."

"మరి మీరే పెట్టుకోండి." మొండితనంతో అనలేదు. దారి ఇంకోటి కనపడక అంది.

"నేను పెడితే చెల్లదు! తల్లే పెట్టాలి." గొంతు పెరిగింది. వెంటనే తగ్గించాడు. "ఎంత చదివావమ్మా నువ్వు?"

"తొమ్మిది దాకా అన్నా. అదీ సగమే."

రాతమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఎవరికీ చెప్పనట్టు, పాఠం అప్పజెప్పినట్టు అంది. "పసిపిల్లల్ని రోజుకి మూడు గంటలకి మించి సెట్లో ఉంచకూడదు. పర్మిషన్ ఆఫీసుకి ప్రతి రోజు కాగితమూ వెళ్ళాలి. తల్లి సంతకం లేకపోతే తీసుకోరు."

"రాతమ్మా!"

"నేనేమన్నానండీ? రూలు చెప్పాను."

ఆమెకి అప్పుడర్థమైంది. ఏడని రాస్తే ఆయనకి తంటా. సంతకం లేకపోతే మరీ తంటా. పొద్దున్నుంచీ తను భయపడుతున్న మనిషి, ఇప్పుడు తన మోకాలి మీదున్న కాగితం చూసి భయపడుతున్నాడు. దాంతో ఆమె భయమేం పోలేదు. ఇంకా పెరిగింది. కానీ పెన్ను మాత్రం మూత పెట్టి పక్కన పెట్టేసింది.

తాళాలాయన ఫోను తీసుకుని చెక్క ఇంటి వెనక్కి వెళ్ళాడు. పావుగంట. వచ్చేటప్పుడు చేతిలో చెక్కు పుస్తకం ఉంది. నిలబడే రాశాడు, నిలబడే చింపాడు.

"మూడో విడత. తీసుకో." ఆమె మోకాలి మీది కాగితాన్ని మెల్లగా లాక్కుని నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాడు. "ఇవాళ పాప రాలేదు. మేం పిలవలేదు. సంతకంతో పనే లేదు. అర్థమైందా?"

ఆమె చెక్కు వంక చూసింది. అంకెలు, అక్షరాలు, తేదీ, తన పేరు, అన్నీ చదివింది. ఎనిమిది రోజులు వచ్చినందుకు రాని డబ్బు, రాలేదన్న రోజుకి వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

"నాలుగోదాని మాట ఎత్తొద్దు."

"దాని మాట ఎలా ఎత్తుతానన్నా. పాప భాగం అవలేదు కదా."

"ఆ పాత హాజరు కాగితాల మాట కూడా."

ఆమె చెక్కుని రెండు మడతలు పెట్టి సంచి లోపలి అరలో దాచుకుంది. జిప్పు వేసింది. వేశాక, పట్టిందో లేదో లాగి చూసింది.

"అది ఇంటికెళ్ళి మా అత్తనడిగి చెప్తానన్నా" అంది.

తాళాలాయన చెక్కు పుస్తకాన్ని జేబులోకి తోశాడు. రాతమ్మ పుస్తకంలో ఏదో రాసుకుంటూ, రాస్తున్న చేతిని ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఆమె లేచింది. ఉడత ఒళ్ళోంచి జారి, నేల మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడింది. గుమ్మం దాకా నల్లటి వైర్లు అడ్డదిడ్డంగా పడున్నాయి.

"ఎత్తుకో తల్లీ" అన్నాడాయన విసుగ్గా. "కాళ్ళకి తగులుతాయి."

ఎత్తుకోవడానికి ఆమె ఒంగింది. ఒంగి, అలాగే ఆగిపోయింది.

"కొంచెం వైర్లు తీయించండన్నా" అంది.

ఎవరూ కదల్లేదు. తర్వాత లైట్లు చూసుకునే ముసలాయన స్టూలు మీంచి దిగి, మొదటి వైరు పట్టుకుని గోడ పక్కకి లాగాడు. రెండోది ఇంకెవరో లాగారు. వెడల్పుగా ఓ దారి తేలింది.

ఉడత నడిచింది. ఆరడుగులు నడిచి, ఏడో అడుగుకి చతికిలబడింది. తల్లి చేతులు వాటంతటవే ముందుకి చాచుకున్నాయి. వాటిని వెనక్కి లాక్కుని, సంచి పట్టీని రెండు చేతులా గట్టిగా పట్టుకుని నిలబడింది.

ఉడత వెనక్కి తిరిగి తల్లి మొహం చూసింది. చేతులు నేల మీద ఆనించింది, నడుమెత్తింది. అది లేచే దాకా గోదాములో అందరూ ఆగారు.